రెండో సిలిండర్ లేచి కూర్చుంది

కిందటి వారం తండ్రీకూతుళ్ళను ఇంటి పక్క రేకుల షెడ్డులో, పైకెత్తిన బానెట్టు ముందు, చెరో పక్క మూతులు ముడుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఈ వారం వెళ్ళి చూస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు. మూతులూ అలాగే ఉన్నాయి.

అప్పుడు రానివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆ తండ్రి డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో సగం మందికి క్లచ్చు ఎప్పుడు వదలాలో నేర్పింది ఆయనే. నేర్పింది ఆ పాత కారులోనే. ఆ కారుకు ఇంట్లో పేరు పెద్దావిడ. అది ఆయన పెళ్ళికంటే ముందే ఇంటికొచ్చింది కాబట్టి, తర్వాత కాపురానికొచ్చిన భార్యకు ఇరుగుపొరుగువాళ్ళు చిన్నావిడ అని పేరు పెట్టేశారు. ఆవిడ మొదట్లో ఏడ్చింది, తర్వాత నవ్వింది, ఇప్పుడు సొంత పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు. ఈ ఇద్దరావిడల మధ్య పెరిగిన ఒక్కగానొక్క కూతురు మెకానిక్ కాక ఇంకేమవుతుంది? బజారులో అమ్మాయికి సొంత గ్యారేజీ ఉంది.

ఈ మధ్య ఒకరోజు పెద్దావిడ వంతెన ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఊపిరి వదిలేసి వెనక్కి జారింది. వెనకొస్తున్న పాలవ్యానుకు బెత్తెడు దూరంలో ఆగింది. కార్లో మాస్టారూ, చిన్నావిడా ఇద్దరూ ఉన్నారు. కబురు తెలిసి అమ్మాయి గుండె గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వచ్చి, బతికిపోయారని తెలిశాక, తిట్టడం మొదలుపెట్టింది. కారులోనైనా లోపం ఉండాలి, నడిపే మనిషిలోనైనా ఉండాలి, రెండిట్లో ఏదో తేలాలంది. పెద్దావిడకు ఏ లోపమూ లేదని మాస్టారు పట్టుబట్టారు. మాటా మాటా పెరిగి చివరికి పందెం దాకా వెళ్ళింది. ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష చెయ్యాలి. నాలుగు సిలిండర్లూ సమానంగా ఉంటే తాళంచెవి మాస్టారి దగ్గరే ఉంటుంది, ఇక ఎవరూ నోరెత్తకూడదు. ఒక్కటి తగ్గినా తాళంచెవి అమ్మాయిది, ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోకూడదు. మధ్యవర్తి చిన్నావిడ. ఇంతకంటే నిజాయతీ గల మనిషి ఆ వీధిలోనే లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అదీ సంగతి. ఇక షెడ్డులోకి వెళదాం.

ఇంజను అప్పటికే కాసేపు నడిచి బాగా వేడెక్కి ఉంది. అమ్మాయి ఆపి, కాయిల్ వైరు ఊడదీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా పాతబట్ట మీద వరసగా పేర్చింది. సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి కొడితే గాలి వేలిని తోస్తుంది చూశారా, కంప్రెషనంటే అంతే. ఆ తోపు బలంగా ఉంటే ఇంజను కొండెక్కుతుంది, లేకపోతే వంతెన కూడా ఎక్కదు. ఎంత బలంగా తోస్తోందో ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి చూస్తారు.

"నాన్నా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకో. నేను కొట్టమన్నప్పుడు సెల్ఫు కొట్టు."

"నాకు చెప్తున్నావా?" అన్నారు మాస్టారు, డ్రైవరు సీట్లో సర్దుకుని కూర్చుంటూ.

ఆయన కాలు సరిగ్గా ఆనిందో లేదో చూద్దామని అమ్మాయి పక్క తలుపులోంచి వంగింది. నేర్పే కారు కాబట్టి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంది. చిన్నప్పుడు ఆ సీట్లో కూర్చుని దాన్ని ఉత్తుత్తినే తొక్కుతూ ఉండేది. మాస్టారు డ్రైవింగ్ స్కూలు మూసేసి ఏళ్ళయింది కదా, పెడలు మీద దుమ్ము పేరుకుపోయి ఉండాలి. లేదు సరికదా, రబ్బరు నిగనిగలాడుతోంది. అంచున కొత్తగా ఎండిన బురద కూడా ఉంది. ఇదేమిటబ్బా అనుకుంది.

"ఏం చూస్తున్నావు?" అన్నారు మాస్టారు.

"ఏం లేదులే," అని లేచి వచ్చేసింది. కానీ ఆ అనుమానం ఆమె బుర్రలో ఒక మూల కూర్చుంది.

మొదటి సిలిండర్‌కు గేజి బిగించి, కొట్టమంది. సెల్ఫు మూలిగింది. ముల్లు మెట్లెక్కినట్టు ఒక్కో కుదుపుకూ ఎగబాకి ఒకచోట ఆగింది.

"నూట పాతిక!"

"ఎంతా?"

"నూట పాతిక అంటున్నా. నువ్వే వచ్చి చూసుకో, మళ్ళీ దొంగలెక్క అంటావు."

"కాలు తీస్తే ఎలా? నీ మాట మీద నాకు నమ్మకం లేకనా? ఎంతొచ్చిందో గట్టిగా చెప్పు, చాలు."

అన్ని రోజుల గొడవ తర్వాత నాన్న నోట నమ్మకం అన్న మాట రావడం అమ్మాయికి తియ్యగా అనిపించింది. గేజి రెండో సిలిండర్‌కు మార్చింది. ఈసారి సెల్ఫు మూలుగు మారిపోయింది, సులువుగా, డొల్లగా తిరిగింది. ముల్లు కాస్త లేచి, నీరసంగా ఆగిపోయింది.

"ఎనభై," అంది అమ్మాయి.

మాస్టారి చెవులు ఆ చప్పుడును ముందే పట్టేశాయి. స్టీరింగు మీద ఉన్న చేతులు బిగుసుకున్నాయి. అమ్మాయికి గెలిచానన్న సంతోషం రావాలి. రాలేదు. ఆ చేతులను చూస్తే జాలి వేసింది. అందుకే ఓదార్పులాంటిది ఏదో చెప్పాలని నోరు తెరిచింది. తెలిసిన విద్యలోంచి ఓదార్చడమే ఆమెకు చేతనవును.

"అప్పుడే దిగులు పడకు. రింగులైనా అరిగి ఉండాలి, వాల్వులైనా చెడి ఉండాలి. ఏదో కనుక్కోవడం సులువే. ఈ రంధ్రంలో ఓ చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొడితే, ఆ నూనె రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది. అప్పుడు ముల్లు లేచిందనుకో, రింగుల తప్పు. లేవలేదనుకో, వాల్వుల తప్పు. ముందు మిగతా రెండు సిలిండర్లూ చూసేసి, తర్వాత ఆ పని చేద్దాం."

షెడ్డు వైపు తెరుచుకునే వంటింటి కిటికీలో గిన్నెల చప్పుడు ఆగింది. ఎందుకు ఆగిందో అమ్మాయి ఆలోచించలేదు. మూడోదీ, నాలుగోదీ చూసింది, రెండూ మొదటిదానికి అటూ ఇటూగా వచ్చాయి. అంతలో కిటికీలోంచి కేక వినిపించింది.

"టీ పెట్టాను! చల్లారిపోయాక మళ్ళీ వేడి చెయ్యమంటే నావల్ల కాదు!"

రంధ్రాల మీద బట్ట కప్పి తండ్రీకూతుళ్ళు వరండాలోకి వెళ్ళారు. "గ్లాసు మీ కుడిచేతి పక్కనే ఉందండీ, బల్ల అంచున," అంది చిన్నావిడ. మాస్టారి చెయ్యి బల్ల మీద పాకి గ్లాసును అందుకుంది. "పంచదార తక్కువైందేమో, తెస్తానుండండి," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చేసరికి చేతిలో పంచదార లేదు. "డబ్బా కనిపించలేదు," అంది. ఆ వంటింట్లో ఆవిడకు కనిపించని డబ్బా ఉంటుందా? టీ తీపి సరిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మళ్ళీ షెడ్డులోకి వచ్చాక అమ్మాయి నూనె డబ్బా అందుకోబోయి ఆగింది. ఒకసారి చూసింది సగమే, రెండోసారి చూస్తేనే పూర్తి. అది మాస్టారి పాఠమే. అద్దంలో వెనకొచ్చే బండిని ఒక్కసారే చూసి మలుపు తిప్పినవాణ్ణి ఆయన కారులోంచి దింపేసి ఇంటికి నడిపించేవారు. సరే, నూనె పొయ్యకముందు రెండోదాన్ని ఇంకోసారి చూద్దామని గేజి బిగించింది.

"కొట్టు."

ముల్లు లేచింది. ఎనభై దాటింది. నూట పాతిక దాటింది. దాటి, నూట అరవై దగ్గర ఆగి, ఇంకేం కావాలన్నట్టు నిలబడింది.

అమ్మాయి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గేజి చెడిందేమోనని మొదటి సిలిండర్‌కు పెట్టి కొట్టించింది, నూట పాతికే. మళ్ళీ రెండోదానికి పెట్టింది, మళ్ళీ అంతెత్తు. ఆరోగ్యంగా ఉన్న మూడింటికంటే జబ్బుదే బలంగా ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో ఇంజన్లు చావడం చూసింది గానీ, టీ తాగొచ్చేలోగా లేచి కూర్చున్న సిలిండర్‌ను మాత్రం చూడలేదు.

"ఎంతా?" అన్నారు మాస్టారు.

"నూట అరవై!"

"చూశావా!" ఆయన గొంతులో పండగ. "పెద్ద వయసు కదే, కాస్త విశ్రాంతి ఇస్తే పుంజుకుంది. నువ్వూ అంతే, పడుకోనివ్వకుండా లేపితే ఏ పనీ చేసేదానివి కాదు."

"ఇంజను చల్లారితే తోపు తగ్గాలి నాన్నా, పెరగడమేమిటి?"

ఆమెకు పందెం సంగతే గుర్తు లేదు. ఇదెలా జరిగిందో తెలియకపోతే ఇక ఆ పూట అన్నం సయించదు. గేజి గొట్టం విప్పి చూసింది. కొస తడిగా మెరుస్తోంది. వేలితో తుడిచి వెలుతురులో పట్టుకుంది. నూనే. ఎవరో నూనె పోశారు! గోడకున్న తన నూనె డబ్బా మీద దుమ్ము కూడా చెదరలేదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంజనాయిల్ వాసన ఆమెకు అమ్మ చీరకొంగు వాసనంత పరిచయం. ఇది ఇంజనాయిల్ వాసన కాదు. అమ్మ చీరకొంగు వాసన.

"అమ్మా!"

"పొయ్యి మీద కూర ఉందే! తర్వాత రా!"

"నేను రానక్కర్లేదు. నువ్వే వంటనూనె సీసా పట్టుకుని ఇలా రా."

కాసేపటికి చిన్నావిడ వచ్చింది, సీసా లేకుండా, గరిటె మాత్రం చేత్తో పట్టుకుని.

"ఎన్ని చెంచాలు పోశావు?" అని అడిగింది అమ్మాయి, మామూలుగా, ఉప్పెంత వేశావని అడిగినట్టు.

"నేనేం పోశాను?"

"ఒకటా, రెండా?"

"చెంచాలతో ఏం సరిపోతుందే అంత ఇంజనుకు? గరిటెడైనా..." అని నాలిక కరుచుకుంది చిన్నావిడ. వంటలో కొలత గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దకుండా ఉండలేని జన్మ ఆవిడది. ఆ గుణమే కొంప ముంచింది.

మాస్టారు స్టీరింగు వదిలేసి తలుపులోంచి తల బయటపెట్టారు. "నువ్వా? మధ్యవర్తిగా నిలబెడితే నువ్వే..."

"మరి కిటికీ దగ్గర అంత గట్టిగా చెప్పిందెవరు? నూనె పోస్తే లేస్తుందని మీ కూతురే కదా పాఠం చెప్పింది."

అమ్మాయికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నవ్వే ముందొచ్చింది. "గరిటెడు పోస్తే ఏ సిలిండరైనా లేస్తుందమ్మా. ఇప్పుడు స్టార్ట్ చేస్తే వీధి వీధంతా పొగ. పైగా బజ్జీల వాసన. సరే, దొంగ దొరికింది. రెండోది ఎనభయ్యే. పందెం నాది. నాన్నా, తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వకండి!" అంది చిన్నావిడ.

ఆ గొంతు విని అమ్మాయి నవ్వు ఆగిపోయింది. అమ్మ ఆ గొంతుతో మాట్లాడటం ఆమె ఎరగదు.

"నువ్వేమిటమ్మా? వంతెన మీద వెనక్కి జారినప్పుడు లోపల ఉన్నది నువ్వు కూడా కాదూ? ఆ పాలవ్యాను తగిలి ఉంటే? నీ ప్రాణం మీదికి తెచ్చిన బండిని నువ్వే వెనకేసుకొస్తావా?"

"పాపం దాన్ననకు. జార్చింది నేనే."

"ఏమిటీ?"

"నేనే నడుపుతున్నాను. క్లచ్చు తొందరపడి వదిలేశాను. ఇంజను ఆగిపోయింది. కాళ్ళు చేతులు ఆడలేదు, బ్రేకేదో తెలియలేదు. మీ నాన్న పక్కనుంచి తొక్కారు కాబట్టి ఆగింది."

అమ్మాయి బుర్రలో మూల కూర్చున్న అనుమానం లేచి నిలబడింది. పక్క సీటు ముందు నిగనిగలాడే రబ్బరు, అంచున బురద. ఎవరో నేర్చుకుంటున్నారు, ఎవరో నేర్పుతున్నారు. ఆ నేర్చుకునేది అమ్మ! ఊరందరికీ నేర్పిన మనిషి కట్టుకున్న భార్యకు మాత్రం ఏనాడూ నేర్పలేదు. అడిగినప్పుడల్లా ఇంటికి ఒక డ్రైవరు చాలనేవారు. అమ్మ తరఫున ఆ విషయం మీద ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడిందో అమ్మాయికి లెక్కే లేదు.

"ఇంటికి ఒక డ్రైవరు చాలన్నావు కదా నాన్నా. ఇప్పుడేం వచ్చింది?"

"సరదా," అన్నారు మాస్టారు, ఆలోచించకుండానే. "మీ అమ్మకు సరదా పుట్టింది. కాదనలేకపోయాను."

"సరదానా?" అంది చిన్నావిడ మెల్లగా. "క్లచ్చంటే నాకు చచ్చేంత భయమండీ. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్పడానికేముంది?" అని మాస్టారు ఆవిడ వైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు సరిగ్గా ఆవిడ మొహానికి చేరలేదు. ఆవిడ భుజం పక్క నుంచి గోడ మీదికి వెళ్ళింది.

అమ్మాయి అది చూసింది. చూశాక, ఆ పూటంతా చూసి కూడా చూడనివి ఒక్కొక్కటీ వరస కట్టాయి. ఎంతా, గట్టిగా చెప్పు. నీ మాట మీద నాకు నమ్మకం లేకనా. గ్లాసు మీ కుడిచేతి పక్కనే ఉందండీ. బల్ల మీద పాకిన చెయ్యి. తియ్యగా అనిపించిన ఆ నమ్మకం ఇప్పుడు చేదెక్కింది. ఆమెకు భయం వేసింది. ఇంజనైతే విప్పి చూస్తుంది. నాన్నను ఎలా విప్పి చూడాలి?

చేతిలో గేజి ఉంది. గాలి వదిలే మీట నొక్కింది. బుస్సుమని చప్పుడై ముల్లు కిందికి వచ్చేసింది. దాన్ని తీసుకుని కారు పక్కగా వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"సరే నాన్నా, గొడవెందుకు? నా లెక్క వద్దు, అమ్మ నూనె వద్దు. ముల్లు ఎక్కడుందో నువ్వే చదువు. నువ్వెంతంటే అంతే."

మాస్టారు గేజిని రెండు చేతులా అందుకున్నారు. కాస్త దూరం పెట్టారు, కాస్త దగ్గరికి తెచ్చారు, వెలుతురు కోసమన్నట్టు అటూ ఇటూ తిప్పారు. అద్దాన్ని బొటనవేలితో తుడిచారు.

"నూట ఇరవై," అన్నారు. గొంతులో తడబాటు లేదు. "ఓ అయిదు తక్కువేమో. ఈ వయసుకు అదెంత? నాలుగూ సమానమే. చెప్పానా, పెద్దావిడకు ఏ లోపమూ లేదని! పందెం నాది."

తాళంచెవి లాగి చొక్కా జేబులో వేసుకుని పైనుంచి తట్టుకున్నారు.

"ఏమండీ," అంది చిన్నావిడ.

"ఊఁ?"

"ముల్లు సున్నా మీద ఉందండీ."

మాస్టారి నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. గేజిని ఒళ్ళో పెట్టుకుని దాని గుండ్రటి అంచు చుట్టూ వేలు తిప్పారు.

"ఈ చుట్టూ ఉన్నది కనిపిస్తుంది పాపా," అన్నారు. "మధ్యలోదే కనిపించదు. ఎటు చూస్తే అక్కడ మసక. నీ మొహమూ అంతే, జుట్టు కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి."

"అలాంటి కళ్ళతో అమ్మను వంతెన ఎక్కించావా?" అంది అమ్మాయి. అరిచానని తర్వాత తెలిసింది. "నీకు రోడ్డు కనిపించదు, ఆవిడకు బ్రేకు తెలియదు, ఇద్దరూ కలిసి..."

"ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు అవుతామనుకున్నాం," అన్నారు మాస్టారు. "కళ్ళు ఆవిడవి, కాలు నాది. నా కళ్ళు పూర్తిగా పోకముందే ఆవిడకు వచ్చేస్తే చాలనుకున్నాను. నీకు చెబితే ఆపేస్తావని చెప్పలేదు."

"ఆపేస్తాను. ఇప్పుడే ఆపేస్తున్నాను."

ఆయన తలూపారు. జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని ముందుకు చాపారు. "నిజమే, ఓడిపోయాను. తీసుకో."

అమ్మాయి కదల్లేదు. ఇన్నాళ్ళూ అడిగింది ఆ తాళంచెవినే. ఇప్పుడు ఆ చేతిలోంచి తీసుకోవడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

ఈలోగా ఇంకో చెయ్యి వచ్చి తాళంచెవిని అందుకుంది. వంటనూనె జిడ్డు ఇంకా ఆరని చెయ్యి. చిన్నావిడ గరిటెను బానెట్టు అంచున పెట్టి, కారు చుట్టూ తిరిగి వచ్చి, మాస్టారి పక్కన నిలబడింది.

"మీరు పక్క సీట్లోకి జరగండి," అంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఆ రెండోదాన్ని బాగు చేసి ఇస్తావా, లేక ఇంకెవరి చేతైనా చేయించుకోవాలా?"